సాగో చెట్టు మీద గొడ్డలి పెట్టే ముందు

సాగో పిండి పనిలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు గొడ్డలి ఎత్తకముందే జరిగిపోతుంది. పేరు ఒకటే, మొక్కలు వేరు. న్యూగినీ, ఇండోనేషియాలోని మొలుక్కస్ దీవులు, మలేషియాలోని సారవాక్ చిత్తడి నేలల్లో పెరిగే అసలు సాగో, మెట్రోజైలాన్ సాగు, తాటి కుటుంబానిది. దాని దవ్వ నిండా తినదగిన పిండే. తోటల్లో, కుండీల్లో అందానికి పెంచే సైకస్‌ను కూడా సాగో పామ్ అనే పిలుస్తారు. తాటి కుటుంబంతో దానికి ఏ చుట్టరికమూ లేదు, పైగా విషపు మొక్క.

సైకస్‌కు కొత్త ఆకులు ఒక వలయంలా ఒకేసారి లేస్తాయి. లేతగా ఉన్నప్పుడు వాటి చిట్టి ఆకులు ఫెర్న్‌లాగా చుట్టచుట్టుకుని ఉంటాయి, ఒక్కో చిట్టి ఆకుకు ఒక్కటే నడి ఈనె కనిపిస్తుంది. పువ్వులుండవు. మగ మొక్క నడినెత్తిన శంకువు వేస్తుంది, ఆడ మొక్క గింజలు కాయ లోపల దాగకుండా బయటికే కనిపిస్తాయి. సాగో తాటికి మాత్రం మొవ్వులోంచి ఒక్కో ఆకు ఈటెలా పొడుచుకొస్తుంది. గుర్తుల్లో ఒక్కటి కుదరకపోయినా ఆ చెట్టు జోలికి వెళ్లకండి.

సైకస్‌లో ఉండే సైకసిన్ అనే విషాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొడతాయి. అప్పుడు పుట్టే పదార్థం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1770లో ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ సిబ్బంది ఈశాన్య ఆస్ట్రేలియా తీరంలో ఈ గింజలు తిని జబ్బుపడ్డారు. అంతకుముందు 1697లో డచ్చి నావికుడు వ్లామింగ్ వెంట పశ్చిమ ఆస్ట్రేలియాలో దిగిన డచ్చివాళ్లు మాక్రోజామియా అనే దగ్గరి జాతి గింజలు తిని ఆగకుండా వాంతులు చేసుకున్నారు. అక్కడి ఆదివాసులు అవే గింజలను రోజుల తరబడి నానబెట్టో, పులియబెట్టో తినేవాళ్లు. వండితే చాలదు, విషం నీళ్లలోకి దిగిపోవాలి. పసిఫిక్ దీవి గువామ్‌లో అక్కడి మూలవాసులైన చమోరోలు సైకస్ గింజ ముక్కలను నీళ్లు మారుస్తూ నానబెట్టేవాళ్లు. అయినా ఆ దీవిలో ఎక్కువగా కనిపించిన ఒక నరాల జబ్బుకు ఈ పిండితో లంకె ఉందా అని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. విషం పూర్తిగా పోయిందని ఇంట్లో తేల్చుకునే దారి లేదు కాబట్టి కొత్తవాళ్లు సైకస్ పిండి ప్రయత్నమే చేయవద్దు. నానబెట్టిన నీళ్లు పశువులకు, కోళ్లకు అందనివ్వకండి. కుక్క ఒకటి రెండు గింజలు నమిలినా చచ్చిపోవచ్చు. మనిషి పొరపాటున తింటే వాంతి తగ్గిందని ఊరుకోకుండా, ఆ గింజో ఆకో చేత పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తాటి కుటుంబానికే చెందిన జీలుగ చెట్టు దవ్వ కూడా పిండినిస్తుంది. దాని పండ్ల గుజ్జులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, తగిలితే ఒళ్లంతా దురద. గెల ఉన్న చెట్టు దగ్గర చేతితొడుగులు వేసుకోండి, ఆ చేతులతో కళ్లు ముట్టుకోకండి.

ఇక అసలు సాగో. ఈ చెట్టు బతుకులో ఒక్కసారే పూస్తుంది, కాసి చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి దాచుకున్న పిండినంతా ఆ కాపుకే ఖర్చు పెడుతుంది. అందుకే పూత విచ్చే ముందు కొట్టాలి. మామూలుగా పది, పన్నెండేళ్ల వయసుకు ఆ దశ వస్తుంది. పై ఆకులు పొట్టివై మొవ్వు సాగుతుంటే సమయం దగ్గర పడ్డట్టు. వయసు లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకండి, నేలను బట్టి, నీటిని బట్టి మారుతుంది. కాండంలో చిన్న గంటు పెట్టి దవ్వ తీసి నీళ్లలో పిసకండి. నీళ్లు పాలలా మారి అడుగున తెల్లగా దిగితే కొట్టొచ్చు, నారే మిగిలితే ఆగండి. కాయలు ముదిరిన చెట్టు మీద శ్రమ దండగ. సరైన అదునులో కొడితే ఒక్క కాండం నుంచి 150 నుంచి 300 కిలోల ఎండు పిండి రావచ్చు.

కొట్టేటప్పుడు మామూలు కలప చెట్టు లెక్క పనికిరాదు. గట్టిదనమంతా బయటి బెరడులోనే ఉంటుంది, లోపల మెత్తని దవ్వ. కోత చివర మిగిల్చిన పట్టీ చెట్టును ఆపుతుందని ధీమా పెట్టుకోకండి. నీళ్లు నిండిన కాండం, పైన బరువైన మట్టలు, కింద బురద, ఈ మూడూ కలిస్తే చెట్టు చెప్పిన వైపు పడదు. ముందు ముళ్లున్న మట్టలు తీసేయండి, చెట్టు పడే దిశకు వెనక, ఏటవాలుగా తప్పుకునే దారిని చదును చేసుకోండి. దుబ్బులో పక్క పిలకలు నలగకుండా చూడండి, ముందు ముందు కోతకొచ్చేది అవే.

నరికాక గడియారం మొదలైనట్టే. కోసిన ముఖం నల్లబడుతుంది, పిండి పులియడం మొదలవుతుంది. వెంటనే తురమలేకపోతే బెరడు తీయకుండా దుంగలను నీళ్లలో ముంచి ఉంచండి, ఎండలో పడేయకండి. తురిమిన దవ్వను కుప్ప పోయకుండా అప్పటికప్పుడే కడగాలి. నీళ్లు ధారాళంగా కావాలి, తేటగా ఉండాలి. ఇనుము ఉన్న ఎర్ర నీళ్లలో, తుప్పు పట్టిన తొట్టిలో కడిగితే పిండికి మురికి రంగు పడుతుంది, మళ్లీ వదలదు. గుడ్డలో పిసికి వడకట్టి, పిండి పూర్తిగా దిగేదాకా కదపకుండా ఉంచి, పై తేట వంచేయండి. మరో రెండుసార్లు కడిగితే పులుపు, వాసన తగ్గుతాయి.

నిల్వలోనే చాలామంది దెబ్బతింటారు. వడిసిన తడి పిండిలో దాదాపు 40 శాతం నీరుంటుంది. నెలల తరబడి ఉంచాలంటే పలుచగా పరిచి, తేమ 13 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టకుండా రాలిపోవాలి. తడిగానే ఉంచితే త్వరగా వాడేయండి. బూజు పట్టిన పిండిని పైపొర గీకేసి వాడటం ప్రమాదం, గడ్డ మొత్తం పారేయండి. పాపువా న్యూగినీలో పాతబడిన సాగో తిన్నవాళ్లకు ఎర్ర రక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోయే జబ్బు రావడం వైద్యులు నమోదు చేశారు, కొందరు చనిపోయారు కూడా. సాగో తిన్నాక కడుపునొప్పి, వాంతులతో పాటు మూత్రం ముదురు ఎరుపుగానో నల్లగానో వస్తే, కళ్లు పచ్చబడితే రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. అదే కుండలో తిన్న మిగతావాళ్లనూ వెంట తీసుకెళ్లండి.