పాత కన్వర్టిబుల్ కారు వైరింగ్‌ను పీకేయకుండా బాగుచేయడం ఎలా?

హెడ్‌లైట్లు మసకగా వెలుగుతుంటే చాలామంది చేసే మొదటి పని కొత్త వైరింగ్ సెట్టు తెప్పించుకోవడం. డాష్‌బోర్డు ఊడదీసి, నెల రోజులు నడుం వంచి దాన్ని బిగిస్తారు. లైట్లు మాత్రం మునుపటిలాగే మినుకుమంటాయి. ఎందుకంటే లోపం వైరులో లేదు, వైరు ముగిసే చోట ఉంది. 1960ల నాటి రాగి తీగను ఎలుకలు కొరకకపోతే, అది వేడికి మాడకపోతే ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తుంది. చెడేవి దాని కొసనున్న బుల్లెట్ కనెక్టరు (వైర్లను కలిపే తూటా ఆకారపు కొస), బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు. ఎర్త్ అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. కన్వర్టిబుల్‌లో ఇవి మరీ త్వరగా చెడతాయి. గుడ్డ టాపు ఎంత బిగించినా వాన నీరు కార్పెట్ కిందికి చేరుతుంది. పైకప్పు ఆసరా లేని బాడీ గతుకుల్లో మెలి తిరుగుతుంది, జాయింట్లు వదులవుతాయి.

మల్టీమీటర్ (వోల్టులు, ఓమ్స్ కొలిచే మీటరు), మంచి క్రింపింగ్ పనిముట్టు (కనెక్టరును వైరు మీద నొక్కి బిగించేది), గరుకు కాగితం, ఒక 12 వోల్టుల బల్బు చాలు. చేయి వేసే ముందు ప్రతి మూలా ఫొటో తీసుకోండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ వైపు తీగ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర పెట్టాలి. ఎర్త్ అంటే నెగటివే అనుకోవద్దు. 1967 వరకు వచ్చిన ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో పాజిటివ్ టెర్మినలే బాడీకి కలిసి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి మామూలు ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే యంత్రం) తగిలిస్తే దాని డయోడ్లు మాడిపోతాయి. నన్నడిగితే, అవసరం లేకుండా పాజిటివ్ ఎర్త్‌ను తిరగేయకూడదు.

బ్రిటిష్ కార్లయితే రంగులు గుర్తుపెట్టుకోండి. గోధుమ రంగు వైరు ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి వచ్చేది. తెలుపు ఇగ్నిషన్ వేస్తేనే పలుకుతుంది. అదే ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది. ఊదా రంగులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కానీ ఫ్యూజు దాటి వస్తుంది. నీలం హెడ్‌లైట్లకు, నలుపు ఎర్త్‌కు. వైరు మార్చాల్సి వస్తే అదే రంగు వేయాలి. చేతికి దొరికిన ఎర్ర వైరుతో అతుకు వేసినవాడు తర్వాత వచ్చేవాడికి గోతులు తవ్వినట్టే.

ఇక అందరూ పాడుచేసే చోటుకు వద్దాం. ఏ జాయింటు చెడిందో పట్టుకోవడం.

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే అమరికలో) పెట్టి "సున్నా చూపిస్తోంది, వైరు బాగుంది" అనేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 14 పోగుల వైరులో 13 తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటరు దాదాపు సున్నాయే చూపిస్తుంది. మీటరు పంపే కరెంటు అంత తక్కువ. అదే పోగు మీద హెడ్‌లైటుకు కావలసిన 4, 5 ఆంపియర్లు పంపితే అప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. అందుకే బ్యాటరీ మళ్లీ తగిలించి, లైట్లు వెలిగించి, వోల్టులు కొలవాలి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటే పారదు, కొలిచి లాభం లేదు.

మీటరు ఒక సూదిని బల్బు ఎర్త్ టెర్మినల్ మీద, రెండోదాన్ని బ్యాటరీ ఎర్త్ స్తంభం మీద పెట్టండి. స్తంభం మీద అన్నాను, దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద కాదు. చాలాసార్లు దొంగ ఆ రెంటి మధ్యే దాక్కుంటాడు. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఇప్పుడు మొదటి సూదిని బల్బు నుంచి ఒక్కో జాయింటు దాటిస్తూ బ్యాటరీ వైపు జరపండి. అంకె ఒక్కసారిగా పడిపోయిన చోట ఆగండి. మీరు ఇప్పుడే దాటిన జాయింటే చెడ్డది. ఇది చిన్న విషయం కాదు. బల్బుకు అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది.

ఒకసారి ఇలాగే వెతుకుతూ ఫెండర్ లోపలి బోల్టు దగ్గర ఆగాను. కారుకు అంతకుముందే కొత్త వైరింగ్ వేశారు, కొత్త పెయింటూ వేశారు. ఎర్త్ రింగును ఆ పెయింటు మీదే బిగించారు! బోల్టు మరల్లో ఒక పక్క తగులుతున్న కాస్త ఇనుము మీద ఆ లైట్లు బతుకుతున్నాయి. రింగు వెడల్పు మేరకు పెయింటు గీకి, లోహం తళతళలాడాక పళ్ల వాషరు వేసి బిగించండి. వ్యాజలిన్ పూయడం ఆ తర్వాతే.

బుల్లెట్ కనెక్టరును మెలిపెట్టి లాగండి, వైరు పట్టుకుని కాదు. కొసన పచ్చగా చిలుము పట్టి ఉంటే శుభ్రం చేయకుండా మార్చేయండి. వైరు తొడుగు వలిచి చూస్తే పోగులు నల్లగా ఉంటే, ఎర్రని రాగి కనిపించేదాకా కత్తిరించండి. కొత్త బుల్లెట్టును క్రింపు చేయాలి, టంకం వేయకూడదు. కరిగిన టంకం పోగుల్లోకి పాకి వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. బాడీ ఊగినప్పుడల్లా అది ఆగిన చోటే వంగి తెగుతుంది. టంకమే గట్టిదని వాదించేవారు ఉన్నారు, వారు చేసిన పనులను మళ్లీ చేసినవాణ్ణి నేను.

ఫ్యూజు విషయంలో ఒక్క జాగ్రత్త. పాత బ్రిటిష్ గాజు ఫ్యూజు మీద రాసిన 35 ఆంపియర్లు అది కాలిపోయే అంకె, నిలకడగా మోసేది 17 మాత్రమే. ఇప్పటి ఫ్యూజు మీద ఉండేది మోసే అంకె. అక్కడ 35 ఉంది కదా అని కొత్త 35 పెడితే ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది.

హెడ్‌లైట్లకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) పెట్టడం ఒక్కటే నేను ఒప్పుకునే ఆధునికత. పాత నీలం వైరును రిలే మీద 86 అని రాసిన కాలికి, ఎర్త్‌ను 85కు ఇవ్వండి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 2 చదరపు మిల్లీమీటర్ల వైరు 30కి, 87 నుంచి బల్బులకు. డిప్పుకు ఒకటి, హైబీమ్‌కు ఒకటి, మొత్తం రెండు రిలేలు. పాత స్విచ్చి మీద బరువు తగ్గుతుంది, ఒక్క పాత వైరూ కత్తిరించనక్కరలేదు.

వైర్ల కట్టకు జిగురు లేని టేపు చుట్టండి. జిగురు టేపు రెండు వేసవులకే బంకగా కారుతుంది.

చివరగా బ్యాటరీ ఎర్త్ తీగకూ స్తంభానికీ మధ్య ఆ 12 వోల్టుల బల్బు పెట్టి చూడండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నా బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. ముందు తలుపులు మూయండి. తెరిచిన తలుపు వల్ల లోపలి దీపం వెలుగుతున్న సంగతి గమనించక, లేని షార్టు కోసం నేను గంటసేపు డాష్‌బోర్డు కింద పడుకున్నాను.