క్లాసులో ప్రశ్నలు పిల్లలు అడగాలంటే

మా ఏడో తరగతి పిల్లాడు ‘వేర్ యూ ఆర్ గోయింగ్?’ అన్నాడంటే వాడి మనసులో ఉన్న వాక్యం నాకు తెలిసిపోతుంది: ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?’ తెలుగులో ప్రశ్న వేయాలంటే మాటల్ని కదపక్కర్లేదు. ‘వస్తావు’ చివర ‘ఆ’ చేరిస్తే ‘వస్తావా’ అయిపోతుంది. ఇంగ్లీషులో మామూలుగా అలా కుదరదు, ఏదో ఒక మాట లేచి ముందుకు రావాలి. ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి చాలాసార్లు వల్లె వేయించాను. పరీక్షలో బాగానే రాశారు, నోరు విప్పితే మళ్లీ మామూలే. అందుకని ఇప్పుడు పిల్లల్నే లేపి నడిపిస్తున్నాను.

దీనికి కావలసింది పాత పెళ్లి శుభలేఖలు. అట్ట గట్టిగా ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఒక్కోదాని మీద ఒక్కో మాట, చివరి బెంచీకి కనబడేంత లావుగా రాయండి. ముందు తేలికైన వాక్యం: ‘హి’, ‘ఈజ్’, ‘ప్లేయింగ్’, చివర ఫుల్‌స్టాప్. నలుగురు వరసగా నిలబడతారు. క్లాసంతా ‘క్వశ్చన్!’ అని అరవగానే ‘ఈజ్’ వచ్చి ‘హి’ ముందు నిలబడాలి, ఫుల్‌స్టాప్ వెళ్లి కూర్చోవాలి, ప్రశ్న గుర్తు పట్టుకున్నవాడు పరిగెత్తుకొచ్చి ఆ చోటులో నిలబడాలి. ఇది ఐదు నిమిషాల పని.

అసలు మజా ‘షి లైక్స్ మ్యాంగోస్’ దగ్గర. ఇక్కడ ముందుకు జరగడానికి ‘ఈజ్’ లాంటి మాట ఏదీ లేదు. అందుకే ‘డూ’ కార్డు ఇచ్చి ఒకణ్ణి ముందే గుమ్మం బయట నిలబెట్టండి. ‘లైక్’ పట్టుకున్న అమ్మాయి భుజానికి ‘ఎస్’ అని రాసిన చిన్న ముక్కను బట్టల క్లిప్పుతో తగిలించండి. క్లాసు అరవగానే బయటివాడు లోపలికొచ్చి, ఆ ‘ఎస్’ తీసి తన చొక్కాకు పెట్టుకుని, ‘డజ్’ అయిపోయి ముందు నిలబడతాడు. ‘డజ్ షి లైక్ మ్యాంగోస్?’ మొదటి ఏడాది క్లిప్పు బదులు పిన్నీసు వాడాను. ‘లైక్’ పిల్లాడు ‘ఎస్’ ఇవ్వనని మొండికేశాడు, లాగులాటలో జేబు చిరిగింది. మర్నాడు వాళ్లమ్మకు నేనే సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆ ఆట మాత్రం మానలేదు. ఎందుకంటే రెండు నెలల తర్వాత ఒకడు ‘డజ్ హి లైక్స్’ అనగానే వెనక బెంచీలు ఒక్కసారిగా ‘ఒరేయ్, ఎస్ ఇచ్చెయ్ రా!’ అన్నాయి.

‘డిడ్’ కి కూడా ఇదే పద్ధతి. కార్డుకు ఒకవైపు ‘వెంట్’, రెండోవైపు ‘గో’ రాయండి. ‘డిడ్’ లోపలికి రాగానే ఆ కార్డు తిరగాలి.

రెండోది క్యారేజీ డబ్బా ఆట. వరస బాగా వచ్చాక, పిల్లలకు నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రం పుట్టించడానికి ఇది. ఖాళీ డబ్బాలో ఒక వస్తువు పెట్టి ఒకరి చేతికివ్వండి. మిగతావాళ్లు ‘యస్’, ‘నో’ అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి. ఊరికే వదిలేస్తే ‘పెన్? బాల్? చాక్‌పీస్?’ అని పేర్లు వరసపెట్టేస్తారు, ప్రశ్న పుట్టదు. అందుకే పది ప్రశ్నలయ్యేదాకా వస్తువు పేరు ఎత్తకూడదని నిబంధన పెట్టాను. ప్రశ్న తప్పుగా వస్తే డబ్బా పట్టుకున్నవాడు చేతులు కట్టుకుని ఊరుకుంటాడు. నేను దిద్దను. పక్కవాళ్లే దిద్దుకుంటారు.

ఒకరోజు కుంకుడుకాయ పెట్టాను. ‘ఈజ్ ఇట్ హార్డ్?’ యస్. ‘కెన్ వుయ్ ఈట్ ఇట్?’ నో. ‘డజ్ యువర్ మదర్ యూజ్ ఇట్?’ యస్. ‘డూ యూ క్రై?’ డబ్బా పట్టుకున్న పిల్ల నవ్వేసింది, గుట్టు రట్టయింది. కళ్లలో రసం పడనివాళ్లెవరు!

పీరియడ్‌లో పది నిమిషాలు మిగిలితే జవాబు ముందు పెట్టే ఆట. బోర్డు మీద ‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్’ అని రాసి, దానికి సరిపోయే ప్రశ్న ఏ వరస ముందు చెబితే వాళ్లకో పాయింటు. జవాబు మనిషి పేరయితే మాత్రం జాగ్రత్త. ‘డూ’ ఆట బాగా ఎక్కిన పిల్లలు ‘హూ డిడ్ బ్రేక్ ది విండో?’ అంటారు. పని చేసినవాడి గురించే ‘హూ’ అని అడుగుతున్నాం కాబట్టి ‘డిడ్’ ని పిలవక్కర్లేదు, ‘హూ బ్రోక్ ది విండో?’ చాలు. శుభలేఖల ఆటలో ఒక పిల్లాడి చేతిలో పేరు ఉంచి, అది తీసేసి అక్కడే ‘హూ’ కార్డు ఇవ్వండి. ఎవరూ కదలకుండానే ప్రశ్న అయిపోయిందని వాళ్లకే కనబడుతుంది.

మన ‘కదా’ కి మాత్రం ఇంకా ఆట దొరకలేదు. ‘యూ ఆర్ కమింగ్, ఆరెంట్ యూ?’ అని నేర్పి స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి, ‘లంచ్‌కి వస్తున్నారు, ఈజింట్ ఇట్?’ అని నేనే అంటుంటాను.