పాత పద్దులు చదువుదాం – 4వ పాఠం: టపా ఓడ ఖర్చులో ఎవరి వాటా ఎంత?

కిందటి పాఠంలో పౌండ్లు, షిల్లింగులు, పెన్నీల కూడికలు చేశాం. ఆ రోజుల్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌండుకు 240 పెన్నీలు. ఇది నోటికి వచ్చాకే ముందుకు రండి.

ఈసారి 19వ శతాబ్దపు ఆస్ట్రేలియాకు వెళ్దాం. అప్పటికి అది ఒకే దేశం కాదు. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియా, టాస్మానియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా అనే ఆరు బ్రిటిష్ వలస రాజ్యాలు ఎవరి ఖజానాతో అవి నడిచేవి. లండన్ నుంచి టపా మోసుకొచ్చే స్టీమర్లు మాత్రం అందరికీ ఉమ్మడి. ఉత్తరాల మీద వచ్చే డబ్బు ఒక్కటే చాలదు కాబట్టి ఓడల కంపెనీకి ప్రభుత్వాలు ఏటా సబ్సిడీ కట్టేవి. ఒక రాజ్యపు బడ్జెట్‌లో ఆ పద్దు కనబడితే, ఆ అంకె ఎలా పుట్టిందో వెనక్కి వెళ్ళి పట్టుకోవడమే మనం నేర్చుకోబోయేది.

ముందు మొత్తం కాంట్రాక్టు ఎంతో చూడాలి. 1888లో మొదలైన కాంట్రాక్టులో పి అండ్ ఓ, ఓరియంట్ కంపెనీలు రెండూ వారం మార్చి వారం ఓడలు నడిపాయి. సబ్సిడీ ఏడాదికి 1,70,000 పౌండ్లు. అందులో బ్రిటన్ 95,000 భరించింది. మిగిలిన 75,000 వలస రాజ్యాల మీద పడింది. చాలామంది తొందరలో మొత్తం 1,70,000నే ఆరు వాటాలు వేసేస్తారు. నేనూ మొదట్లో ఆ పొరపాటే చేశాను. లండన్ వాటా తీసేశాకే పంపకం మొదలవుతుంది.

ఇక అసలు ప్రశ్న: దేన్ని బట్టి పంచారు? ఇక్కడ నిదానంగా చదవండి. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ బిల్లు ఫ్లాటుకింతని పంచాలా, మనిషికింతని పంచాలా అని జరిగే గొడవ మీకు తెలిసే ఉంటుంది. కొలత మారితే బిల్లు మారుతుంది. 1857లో మొదలైన యూరోపియన్ అండ్ ఆస్ట్రేలియన్ కంపెనీ కాంట్రాక్టులో ఏడాదికి 1,85,000 పౌండ్లకు సగం బ్రిటన్ పెట్టుకుంది, మిగతా సగాన్ని ఉత్తరాల సంఖ్యను బట్టి పంచారు. ఆ పద్ధతిలో వ్యాపారం ఎక్కువున్న చోటుకు బరువు ఎక్కువ. బంగారు గనులతో, స్వదేశానికి ఉత్తరాలు రాసుకునే కొత్త జనంతో నిండిన విక్టోరియాకు ఇది చిన్న విషయం కాదు. 1888 నాటికి కొలత జనాభా అయింది. అప్పుడు ఉత్తరం రాసేవాడూ రాయనివాడూ ఒకటే లెక్క. రెండింటిలో ఏది న్యాయమంటే, వాడుకున్నవాడు కట్టాలన్న మొదటి పద్ధతే నాకు సబబుగా తోస్తుంది. కానీ జనాభా లెక్క వేయడం తేలిక, వాదులాటకు తావు తక్కువ.

ఇప్పుడు పెన్ను తీయండి. 1891 జనాభా లెక్కల్ని గుండ్రం చేసి లక్షల్లో వాడదాం: న్యూ సౌత్ వేల్స్ 11.3, విక్టోరియా 11.4, క్వీన్స్‌లాండ్ 3.9, సౌత్ ఆస్ట్రేలియా 3.2, టాస్మానియా 1.5, వెస్టర్న్ ఆస్ట్రేలియా 0.5. మొత్తం 31.8. ఇది సాధన కోసం వేసే లెక్క, ఖజానా పద్దుకు నకలు కాదు. 75,000ను 31.8తో భాగిస్తే లక్ష మందికి సుమారు 2,358 పౌండ్ల 10 షిల్లింగులు. దాన్ని 11.4తో హెచ్చిస్తే విక్టోరియా వాటా దాదాపు 26,887 పౌండ్లు. వెస్టర్న్ ఆస్ట్రేలియాది 1,179. తలకు చూస్తే అందరికీ ఐదున్నర పెన్నీల పైచిలుకే. మిగతా నాలుగూ మీరే వేయండి. ఆరూ కలిపితే 75,000 రావాలి. ఒకటి రెండు పౌండ్లు తేడా వస్తే కంగారు పడకండి, అది గుండ్రం చేయడం వల్లే.

వాటా తేలగానే పని అయిపోలేదు. టపా బిళ్ళల మీద వచ్చిన డబ్బు ఆ రాజ్యం దగ్గరే ఉంటుంది, దాన్ని వాటాలోంచి తీసేస్తేనే నికర భారం తెలుస్తుంది. ఇంగ్లండుకు ఉత్తరం ఆరు పెన్నీలున్నప్పుడు 40 ఉత్తరాలకు ఒక పౌండు. 1891లో ధర రెండున్నర పెన్నీలకు దిగాక అదే పౌండుకు 96 ఉత్తరాలు కావాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియా తన 1,179 పౌండ్లను బిళ్ళల మీదే రాబట్టుకోవాలంటే పాత ధరలో 47,160 ఉత్తరాలు చాలు, కొత్త ధరలో 1,13,184 కావాలి. జనానికి టపా చవకైన ఏడాదే ఖజానాకు లోటు పెరగడానికి కారణం ఇదే. పద్దులో లోటు పెరిగిందని చూడగానే ఓడ కంపెనీ రేటు పెంచిందని అనుకోకండి, ముందు బిళ్ళ ధర చూడండి.

ఇంకొక్క జాగ్రత్త. ఒకే రాజ్యం పద్దులో రెండు మూడు టపా దారులు ఉండవచ్చు. న్యూ సౌత్ వేల్స్ మనం పైన లెక్క వేసిన సూయజ్ దారితో పాటు శాన్ ఫ్రాన్సిస్కో దారికీ డబ్బు కట్టింది. క్వీన్స్‌లాండ్ టోరెస్ జలసంధి మీదుగా తన సొంత ఏర్పాటు చేసుకుంది. ప్రతి దారికీ కాంట్రాక్టు వేరు, భాగస్వాములు వేరు. వాటిని కలిపేసి లెక్క వేస్తే ఏదీ పొసగదు.

ఇంటి పని: 1857 కాంట్రాక్టులో వలస రాజ్యాల సగం 92,500 పౌండ్లు. ఏవైనా మూడు రాజ్యాలు 5 : 3 : 2 నిష్పత్తిలో ఉత్తరాలు పంపాయనుకుని పంచండి. తర్వాత వాటి జనాభా 4 : 4 : 2 అనుకుని మళ్ళీ పంచి, ఎవరికి ఎంత తగ్గిందో, ఎవరి మీద ఎంత పడిందో పక్కపక్కన రాసి ఉంచండి. 5వ పాఠంలో ఓడ ఆలస్యమైతే వేసే జరిమానాను ఆ అంకెల మీదే లెక్క కడదాం.