మీటింగ్ నడిపే పని నేను వదిలేశాక

మా రెండు టీమ్‌ల మధ్య 3 నెలలుగా ఒకటే గొడవ: పని ఆలస్యానికి కారణం ఎవరు? మీటింగ్‌లు నేనే నడిపేవాణ్ణి. అందులో ఒక టీమ్ నాదే. ఎంత న్యాయంగా ఉందామనుకున్నా అవతలివాళ్లు నోరు విప్పేవారు కాదు. సమస్య అక్కడే ఉందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఈ పనితో సంబంధం లేని వేరే విభాగం ఆవిడను నడిపించమని అడిగాం. ఆవిడ ముందే రెండు టీమ్‌లతో విడివిడిగా మాట్లాడారు. మీటింగ్‌లో తన అభిప్రాయం ఒక్కటీ చెప్పలేదు. మొదటి 5 నిమిషాలు అందరినీ మౌనంగా కాగితం మీద రాయమన్నారు. ఎప్పుడూ మాట్లాడని ఇద్దరి కాగితాల్లోంచే అసలు విషయం బయటపడింది: పని అప్పగించే ముందు చెక్ చేయాల్సింది ఎవరో ఎక్కడా రాసి లేదు! ఎవరేం చెప్పినా ఆవిడ వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాసి, "మీరన్నది ఇదేనా?" అని అడిగేవారు. చర్చ దారి తప్పించే విషయాలు రాయడానికి పక్కన వేరే షీటు పెట్టారు. తమ మాట కొట్టిపారేశారన్న బాధ ఎవరికీ మిగల్లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

నిర్ణయం మాత్రం మేమే తీసుకున్నాం. ఎవరు, ఏది, ఎప్పటిలోగా అన్నది రాసుకున్నాకే లేచాం. తర్వాతి మీటింగ్‌కి కూడా ఆవిడనే పిలిచాం, ఈసారి అడిగింది అవతలి టీమ్.