సరిహద్దు ఊళ్ల సినిమా చరిత్ర: మూడో పాఠం – జ్ఞాపకానికి తేదీ కట్టడం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే సినిమా ముచ్చట్లను ఎలా అడగాలో, ఎలా రాసుకోవాలో గత రెండు పాఠాల్లో చూశాం. ఈసారి వాటికి తేదీ కట్టే పని. మన ఊరి హాల్లో ఏ బొమ్మ ఎప్పుడు ఆడిందో హైదరాబాదులో కూర్చున్నవాళ్లు రాయలేరు. అది మనమే చెయ్యాలి.

సాధనకు 1980–83 కాలాన్ని తీసుకుందాం. ఒక పెద్దాయన ‘శంకరాభరణం మా ఊళ్లో 1979లో చూశాను’ అన్నారనుకోండి. ఆ సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. కాబట్టి ఆ మాట కుదరదు. అయినా కొట్టెయ్యకండి, 1979 ఆయన మనసులోకి ఎలా వచ్చిందో ఆలోచించండి. జాతీయ పురస్కారాలకు లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి ఉంటుంది. అందుకే 1980లో జనం చూసిన ఈ చిత్రానికి 1979 సంవత్సరపు చిత్రాల జాబితాలో స్వర్ణకమలం వచ్చింది. ఆ జాబితా ఎక్కడో చదివి ఉండవచ్చు. నోటుబుక్కులో ఆయన మాట ఆయన చెప్పినట్లే ఉంచి, పక్కన మీ లెక్క విడిగా రాయండి.

ప్రతి సినిమాకూ మూడు తేదీల గడులు గీసుకోండి: సెన్సార్ అయినది, విడుదలైనది, మీ ఊరికి వచ్చినది. మొదటి రెండూ ఎక్కడైనా దొరుకుతాయి. మూడోదే మన పని. అప్పట్లో ప్రింట్లు తక్కువ. పెద్ద ఊళ్లలో ఆడిన ప్రింటే తర్వాత చిన్న ఊళ్లకు వచ్చేది. అందువల్ల విడుదల తేదీ ‘అంతకుముందు చూసి ఉండరు’ అని మాత్రమే చెబుతుంది. ‘ఆ తర్వాత కాదు’ అనడానికి ఇంకో గుంజ పాతాలి.

ఆ గుంజకు 1982 లాంటి ఏడాది మరొకటి లేదు. ఎన్.టి. రామారావు మార్చి 29న పార్టీ ప్రకటించారు, జులై 9న ‘బొబ్బిలిపులి’ విడుదలైంది, ఎన్నికల్లో గెలిచి 1983 జనవరి 9న ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆ ఎన్నికల్లో పర్లాకిమిడి వాళ్లకు ఓటు లేదు, కానీ సరిహద్దు దాటి ఆంధ్రలో ఉన్న పాతపట్నం చుట్టాలకు ఉంది. కాబట్టి ‘ఏ సంవత్సరం?’ అని అడగకండి. ‘బొబ్బిలిపులి చూసేనాటికి రామారావు ముఖ్యమంత్రి అయ్యారా? చుట్టాలు వచ్చి ఎన్నికల కబుర్లు చెప్పారా?’ అని అడగండి. ఇంకా కాలేదంటే, ఆరు నెలల వ్యవధిలోకి వచ్చేశారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం వాల్ పోస్టరు కింద హాలువాళ్లు అంటించే స్లిప్పు. దాని మీద తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం చాలాసార్లు ఉండదు. ఉదాహరణకు ‘బొబ్బిలిపులి’ స్లిప్పు మీద ‘20-8 శుక్రవారం నుంచి’ అని ఉందనుకుందాం. క్యాలెండరు తిరగేస్తే ఆగస్టు 20 శుక్రవారం పడేది 1976లో, 1982లో, మళ్లీ 1993లోనే. 1976లో సినిమా పుట్టనే లేదు. ఇక మిగిలింది 1982 తొలి ఆట, లేదా 1993లో పాత బొమ్మ తిరిగి వేసిన ఆట. కాగితం రంగు, టికెట్ ధర, పక్కన అంటించిన మరో పోస్టరు చూసి తేల్చవచ్చు. వారం పేరు ఉన్న ఏ చిత్తు కాగితాన్నీ పారెయ్యకండి.

సెన్సార్ సర్టిఫికెట్ ఫొటో దొరికితే అక్షరాలు చూడండి. 1983 జూన్ వరకు ‘యు’ (అందరూ చూడదగినది), ‘ఎ’ (పెద్దలకు మాత్రమే) రెండే. ‘యు/ఎ’ కనిపిస్తే ఆ సర్టిఫికెట్ ఆ తర్వాతిదే.

జిల్లా పేర్లతోనూ జాగ్రత్త. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరులో ఏర్పడ్డాయి. 1981 నాటి ముచ్చటలో పర్లాకిమిడి గంజాం జిల్లాలోనూ, రాయగడ కోరాపుట్ జిల్లాలోనూ ఉండాలి. ఒక కాగితం మీద ‘గజపతి జిల్లా, 1981’ అని ఉంటే అది తర్వాత ఎవరో రాసినదే.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఒక పెద్దవారి దగ్గర ‘సాగరసంగమం’ గురించి అడగండి. అది 1983 జూన్ 3న విడుదలైంది. అదే జూన్ 25న మన జట్టు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది. సినిమా ముందా, కప్పు ముందా అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి, మూడో గడి నింపి చూడండి. వచ్చే పాఠంలో పాటల పుస్తకాలు చదవడం నేర్చుకుందాం. ఇంట్లో పాతవి ఉంటే చెదలు పట్టకముందే తీసి ఎండలో పెట్టండి.