పెన్నేరు గడ్డ, మూడవ పాఠం: వేరు నుంచి పాలలోకి

గత పాఠంలో మొక్కను గుర్తుపట్టడం నేర్చుకున్నాం కనుక, ఈసారి ఎండిన వేరుతో పని చేద్దాం. వంకాయ కుటుంబానికి చెందిన ఈ మొక్కకు అశ్వగంధ అనే పేరు పచ్చివేరుకుండే గుర్రపు వాసన వల్ల వచ్చిందంటారు. శాస్త్రీయ నామంలోని ‘సోమ్నిఫెరా’ అనే మాటకు నిద్ర తెచ్చేదని అర్థం. అయితే చరకసంహిత దీనిని ముందుగా బలాన్ని, దేహపుష్టిని ఇచ్చే ద్రవ్యాల సరసన చేర్చిందని మరువరాదు.

చిటికెన వేలంత మందమున్న వేరును తీసుకుని విరవండి. బాగా ఎండినదైతే టక్కున విరిగి లోపల తెల్లగా, పిండిపిండిగా కనిపిస్తుంది. విరగకుండా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, దానిని దంచితే చూర్ణం త్వరలోనే బూజు పడుతుంది.

సంప్రదాయ మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. చెంచాతో కొలిస్తే తేడా వస్తుంది కాబట్టి తూకం వేయడమే మేలు. క్షీరపాకానికి, అంటే చూర్ణాన్ని పాలు, నీళ్లలో కాచే పద్ధతికి, ఒక వంతు చూర్ణం, 8 వంతుల పాలు, 32 వంతుల నీరు అన్నది పాత కొలత. ఆ లెక్కన 3 గ్రాముల చూర్ణాన్ని ముందు కాస్త చల్లని నీటిలో కలిపి (వేడి పాలలో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది), 24 మిల్లీలీటర్ల పాలు, మొత్తం 96 మిల్లీలీటర్ల నీరు అయ్యేలా చేర్చి, సన్నని సెగ మీద నీరంతా ఇగిరి పాలు మాత్రమే మిగిలేవరకు కలుపుతూ ఉండాలి.

ఒత్తిడి, నిద్రలేమి కొంత తగ్గుతాయని చిన్న అధ్యయనాలు చూపినా, వాటిలో ఎక్కువ భాగం మూడు నెలలకు మించలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనికి దూరంగా ఉండాలి. థైరాయిడ్, మధుమేహం, రక్తపోటు మందులు గాని, నిద్రమాత్రలు గాని, రోగనిరోధక శక్తిని అణచే మందులు గాని వాడేవారు వైద్యుని అడగకుండా మొదలుపెట్టకూడదు. ముఖ్యంగా నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. ఆకుల వాడకం వద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది, కనుక మన పాఠం వేరుకే పరిమితం. అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పుట్టినా వెంటనే ఆపి, చూర్ణం పొట్లంతో సహా వైద్యుని వద్దకు వెళ్లండి.