కొత్త కాపురం, యూరప్‌లో శని ఆదివారాలు: దగ్గర ఊళ్లతో మొదలుపెట్టండి

పెళ్లయి యూరప్ వెళ్లబోయే అమ్మాయి ఫోన్‌లో ఒక లిస్టు తప్పకుండా ఉంటుంది. పారిస్, వెనిస్, స్విట్జర్లాండ్, ప్రాగ్. మాఘమాసంలో విజయనగరంలో పెళ్లయిన మా పిన్ని కూతురి ఫోన్‌లోనూ అదే ఉంది. అబ్బాయికి జర్మనీలో ఉద్యోగం. వీసా రాగానే బయల్దేరుతుంది. "అక్కా, అన్నిటికంటే ముందు ఎక్కడికెళ్లమంటావు?" అని అడిగింది. ట్రియర్ వెళ్లమన్నాను. పేరైనా వినని ఊరు చెప్పినందుకు మొహం ముడుచుకుంది. ఆ రోజు అయ్యకోనేరు గట్టు మీద నడుస్తూ తనకి చెప్పిందంతా ఇక్కడ పెడుతున్నాను. మేముండేది జర్మనీలోని మన్‌హైమ్‌లో కాబట్టి ఊళ్ల పేర్లు అటువైపువే వస్తాయి. మీరుండే ఊరిని బట్టి మార్చుకోండి.

ముందు దూరం సంగతి. ఇంటికి తాళం వేసిన దగ్గర నుంచి అక్కడ గదిలో బ్యాగు దించేదాకా ఎన్ని గంటలో లెక్క వేయండి. విమానం గంటన్నరే అని టికెట్ మీద ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌కి చేరడం, రెండు గంటల ముందే అక్కడ ఉండడం, దిగాక ఊళ్లోకి వెళ్లడం అందులో ఉండవు. పైగా చవక విమానాలు దిగే ఎయిర్‌పోర్ట్‌లకి ఊరి పేరే ఉంటుంది గానీ ఊరు ఉండదు. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 120 కిలోమీటర్లు. పారిస్ బోవే నుంచి పారిస్ సుమారు 85. ఆ బస్సు ఛార్జీ, ఆ సమయం కూడా కలుపుకుంటే చవక టికెట్ చవక కాదు. మామూలు వారాంతానికి నేను పెట్టుకున్న హద్దు నాలుగు గంటలు. అంతకు మించితే పండగ కలిసొచ్చిన వారానికి దాచుకోండి.

కొత్త దంపతులకి ఈ హద్దు మరీ అవసరం. పెళ్లిచూపుల్లో అరగంట, ఆ తర్వాత ఫోన్లో కబుర్లు. అలా మొదలైన కాపురంలో ఒకరికి ఆకలేస్తే కోపం వస్తుందని, ఇంకొకరు పది నిమిషాలకోసారి టికెట్ ఉందో లేదో తడుముకుంటారని అప్పటికింకా తెలియదు. పొద్దున్న 4 గంటల విమానం కోసం రాత్రంతా మెలకువగా ఉండి తెలుసుకునే సంగతులు కావు అవి.

రైలు టికెట్లు

జర్మనీలో ఉంటే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు, మెట్రోలు దీంతో ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఎక్కకూడదు. ఇద్దరికీ విడివిడిగా కావాలి, ఒకరి టికెట్ మీద ఇంకొకరు తిరగలేరు. ఇది ప్రతి నెలా దానంతటదే కొనసాగుతుంది. ఇండియా వచ్చే నెలకి వద్దనుకుంటే ముందు నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. మీ ఆయన కంపెనీలో జాబ్ టికెట్ (ఖర్చులో కొంత కంపెనీ భరించేది) ఉందేమో అడగమనండి, ఉంటే ధర బాగా తగ్గుతుంది. నెలలో ఒక్కసారే తిరుగుతామంటే రాష్ట్రాలవారీగా అమ్మే రోజు టికెట్ చాలు. శని ఆదివారాల్లో అది అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ఎక్కేముందు దాని మీద పేరు రాసుకోవడం మర్చిపోకండి.

లోకల్ రైళ్లు నెమ్మది. మధ్యలో రైలు మారాల్సి వస్తే యాప్ చూపించే ఆరు నిమిషాల మార్పుని నమ్మకండి. కనీసం ఇరవై నిమిషాలు ఉండేదే ఎంచుకోండి. రాత్రి ఆఖరి రైలు మీద ఎప్పుడూ ఆధారపడొద్దు, దాని ముందుదానికే బయల్దేరండి.

ట్రియర్ ఎందుకంటే

మన్‌హైమ్ నుంచి సార్‌బ్రూకెన్ మీదుగా లోకల్ రైల్లో సుమారు మూడు గంటలు. స్టేషన్ నుంచి నడిచి వెళ్తే చాలు, పోర్టా నిగ్రా కనిపిస్తుంది. క్రీ.శ. 170 ప్రాంతంలో రోమన్లు కట్టిన కోట ద్వారం, రాయి ఇప్పుడు నల్లబడింది. ఊరి నడిబొడ్డున కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు మ్యూజియంగా ఉంది. మా మావయ్యగారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకు తిరిగిన మనిషి. నేను ఐఫిల్ టవర్ ఫొటో పంపితే "బాగుందమ్మా" అని ఊరుకున్నారు. ట్రియర్ నుంచి ఫొటో పెట్టగానే వీడియో కాల్ చేసి ఒక్కో గదీ చూపించమన్నారు. 2018లో చైనా ఇచ్చిన పెద్ద కంచు విగ్రహం కూడా ఊళ్లోనే ఉంది, దాని ముందు నిలబెట్టి మా ఇద్దరి చేతా పిడికిళ్లు ఎత్తించారు. అత్తవారింట్లో కోడలికి ఒక్క ఊరితో ఇంత పలుకుబడి వస్తుందని నేను అనుకోలేదు.

అసలు లాభం మర్నాడు. ట్రియర్ నుంచి లక్సెంబర్గ్ గంట లోపే. సరిహద్దు దాకా మీ డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది, అక్కడి నుంచి టికెట్టే అక్కర్లేదు. 2020లో లక్సెంబర్గ్ దేశమంతా బస్సులు, ట్రామ్‌లు, రెండో తరగతి రైళ్లు ఉచితం చేసేసింది, పర్యాటకులకి కూడా. లోయలోకి దింపే పాఫెన్‌థాల్ గాజు లిఫ్ట్ ఎక్కండి, దానికీ డబ్బు లేదు. హోటళ్లు మాత్రం లక్సెంబర్గ్‌లో ఖరీదు, అందుకే రాత్రి పడక ట్రియర్‌లో పెట్టుకోమంటున్నాను.

రెండో వారాంతానికి స్ట్రాస్‌బర్గ్. జర్మనీ చివర కేల్ స్టేషన్‌లో దిగి, బయట డి ట్రామ్ ఎక్కితే, శ్రీకాకుళంలో నాగావళి వంతెన దాటినంత తేలిగ్గా రైన్ నది దాటి ఫ్రాన్స్‌లో ఉంటారు. ఆ ట్రామ్‌కి వేరే టికెట్ కొనాలి, ఫైన్ కట్టే పని పెట్టుకోకండి. అక్కడి కెథడ్రల్ (పెద్ద చర్చి) ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. లోపల పెద్ద ఖగోళ గడియారం ఉంది. తర్వాత పెటిట్ ఫ్రాన్స్ వైపు కాలవ పక్కన నడవండి. చీర కట్టుకుని ఫొటోలు దిగాలని ఉంటే ఇక్కడే దిగండి, కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని. రాళ్లు పరిచిన వీధుల్లో హీల్స్ పనికిరావు, చక్రాల సూట్‌కేసూ పనికిరాదు. చెరో వీపు సంచి చాలు.

స్విట్జర్లాండ్ వెళ్లారా అని విజయనగరంలో అడగనివాళ్లు లేరు. వాళ్ల నోరు మూయించడానికి రైన్ జలపాతం ఉంది. వెడల్పు సుమారు 150 మీటర్లు, ఎత్తు 23. డాయిచ్‌లాండ్ టికెట్ పక్కనే ఉన్న షాఫ్‌హౌసెన్ దాకా చెల్లుతుంది. రాత్రి జర్మనీ వైపు సింగెన్‌లో ఉండండి, తిండి కూడా అక్కడే కొనుక్కోండి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో లేదు కాబట్టి ఫోన్ రోమింగ్‌కి వేరే ఛార్జీ పడొచ్చు. సరిహద్దు దాటకముందే డేటా ఆపేసి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

కాగితాలు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగొచ్చు. ఇప్పుడు మొత్తం 29 దేశాలు. లండన్‌కి, డబ్లిన్‌కి ఇది చెల్లదు, వేరే వీసాలు కావాలి. ఆ పర్మిట్ కార్డు ఒక్కటే పట్టుకెళితే చాలదు, పాస్‌పోర్ట్ కూడా ఉండాలి. సరిహద్దు దగ్గర పోలీసులు రైళ్లు, బస్సులు ఎక్కి చూస్తూనే ఉంటారు, అందుకని రెండూ చేతి సంచిలో పెట్టుకోండి. కార్డు ఇంకా రాక చేతిలో తాత్కాలిక కాగితం మాత్రమే ఉంటే, దానితో దేశం దాటొచ్చో లేదో అది ఇచ్చిన ఆఫీసులో అడిగి అప్పుడే బుక్ చేయండి. అలాంటి కాగితాల్లో రకాలున్నాయి, అన్నిటికీ ఆ వీలు ఉండదు.

విమానం టికెట్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. పెళ్లయిందని ముచ్చటపడి మీ ఆయన ఇంటిపేరు వేసి బుక్ చేస్తే దిద్దడానికి టికెట్ కంటే ఎక్కువ అవుతుంది. కొన్ని చవక విమానాలకి ఈయూ పాస్‌పోర్ట్ లేనివాళ్లు ముందు కౌంటర్‌లో వీసా చూపించుకోవాలి, ఆ లైన్‌కి అరగంట అదనంగా వేసుకోండి. మీకు 26 నిండకపోతే ఆ రెసిడెన్స్ కార్డుకి ఇంకో ఉపయోగం ఉంది. ఫ్రాన్స్‌లో లూవ్ర్ లాంటి జాతీయ మ్యూజియాల్లోకి, యూరప్‌లో నివాసమున్న 18 నుంచి 25 ఏళ్లవాళ్లని ఉచితంగా పంపిస్తారు. మీ ఆయనకి 30 దాటితే ఆయన టికెట్ కొనుక్కుంటారు. లూవ్ర్‌కి మంగళవారం సెలవు.

శనివారం, ఆదివారం

శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి నేరుగా పరిగెత్తడం నాకు నచ్చదు. ఆ రాత్రి ఇంట్లో తిని పడుకుని, శనివారం ఏడు గంటల రైలు పట్టుకోండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకోండి, రైల్లో ఎవరూ ఏమీ అనరు. విమానమైతే పెరుగూ ఆవకాయా ద్రవపదార్థాల కిందికే వస్తాయి, సీసా 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పక్కన పడేసే ఎయిర్‌పోర్ట్‌లే ఎక్కువ. వాటికి బదులు చపాతీలు, నువ్వుల పొడి, జంతికలు పట్టుకెళ్లండి. రాత్రికి వంటగది ఉన్న గది దొరికితే మేలు. మామూలు హోటల్ గదిలో రైస్ కుక్కర్ తీసి పోపు పెట్టే సాహసం చేయకండి. పొగకి అలారం మోగితే అంతస్తు మొత్తం మెట్లు దిగుతుంది, బిల్లు మీకు వస్తుంది.

ఆదివారం జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు. పాలు, కూరలు శుక్రవారమే తెచ్చి పెట్టుకోండి, లేకపోతే పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్న కొట్టే దిక్కు. ఒక యూరో, 50 సెంట్ల నాణేలు జేబులో ఉంచుకోండి, టాయిలెట్‌కి కావాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా తీసుకెళ్లండి.

శనివారం ఏం చూడాలో ఒకరు, ఆదివారం ఇంకొకరు నిర్ణయించండి. రెండోవాళ్లు ఆ రోజు సణగకూడదు. మా ఆయనకి రైల్వే మ్యూజియాలు, నాకు సంతలు. ఈ ఒప్పందం వల్లే డ్రెస్డెన్‌లో 1434 నుంచి జరుగుతున్న క్రిస్మస్ సంతలో నేను తీరిగ్గా తిరగగలిగాను. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, చూడాల్సినవి పొద్దున్నే పెట్టుకుని సంతని చీకటికి వదలండి.

ఆదివారం మూడింటికల్లా తిరుగు రైలెక్కండి. సాయంత్రం రైళ్లలో నిలబడి రావాలి. ఇంటికి ఫోన్ కూడా రైల్లోంచే చేసేయొచ్చు. మనవాళ్లకంటే అక్కడ ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మార్చి, అక్టోబర్ నెలల ఆఖరి ఆదివారాల్లో గడియారం మారుతుంది. చలికాలంలో అక్కడ ఐదింటికి చేస్తే ఇక్కడ తొమ్మిదిన్నర, అత్తయ్యగారు అప్పటికే నిద్రమొహంతో "ఏటమ్మా, ఎప్పుడు చూసినా రైల్లోనే ఉంటారు" అంటారు. నాలుగింటికి చేయండి.

పారిస్, రోమ్, ప్రాగ్‌లకి పండగ వారాలు వాడుకోండి. ఈస్టర్‌కి శుక్రవారం, సోమవారం రెండూ సెలవే. అసెన్షన్ (ఏసు స్వర్గారోహణ) పండగ ఎప్పుడూ గురువారమే వస్తుంది, శుక్రవారం ఒక్కటి లీవ్ పెడితే నాలుగు రోజులు. ఈ ఎత్తు అక్కడ అందరికీ తెలుసు, కాబట్టి లీవ్ జనవరిలోనే అడగమనండి, టికెట్లు అప్పుడే కొనండి. ఈయూ నుంచి బయల్దేరే విమానం 1500 కిలోమీటర్ల లోపు దూరానికి మూడు గంటలు ఆలస్యమైతే, తప్పు విమాన సంస్థదైతే, మనిషికి 250 యూరోలు అడగొచ్చు. రైలు గంట ఆలస్యమైతే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలైతే సగం వెనక్కి వస్తుంది. అడిగితేనే ఇస్తారు. బోర్డింగ్ పాస్, టికెట్ ఫొటో తీసి ఉంచుకుని, సోమవారం టీ తాగుతూ ఆ ఫారం నింపేయండి.